నింద కార్బొరేటర్‌ది... నేరం దుమ్ముది!

పాత స్కూటరు స్టార్టు కాకపోతే మన వీధుల్లో ఓ తంతు నడుస్తుంది. ముందు పది కిక్కులు. ఆ తర్వాత బండిని ఓ పక్కకు వంచి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ పది కిక్కులు. అరుగు మీది పెద్దాయన 'ఇంకొంచెం వంచు నాయనా' అంటాడు. టీ కొట్టు దగ్గరి కుర్రాడు 'ప్లగ్గు చూడన్నా' అని సలహా ఇస్తాడు. చివరికి అందరూ కలిసి చెప్పే తీర్పు మాత్రం ఒక్కటే... 'కార్బొరేటర్ పోయింది!'

నిజంగా పోయిందా? చాలాసార్లు లేదు. పెట్రోలు రాకపోయినా, నిప్పురవ్వ పుట్టకపోయినా, గాలి ఆడకపోయినా నింద పడేది దాని మీదే. ఆ తొందరలో స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పేస్తే బాగున్న భాగం కూడా పాడవుతుంది. అందుకే ఈ వారం పాత స్కూటరు కథ. అదీ, బేతంచెర్ల లాంటి ఊళ్లో!

బేతంచెర్లే ఎందుకంటే...

నంద్యాల, డోన్‌ల మధ్య రైలు మార్గంలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. బేతంచెర్ల అనగానే గుర్తొచ్చేవి బండలు. గనుల్లోంచి నాపరాయి వస్తుంది. ఫ్యాక్టరీల్లో కోత పడుతుంది. పాలిషు అవుతుంది. ఇళ్ల గచ్చుల కోసం లారీలెక్కుతుంది. కోతలో నీళ్లతో కలిసి వచ్చే బురద ఎండిపోతే మిగిలేది మెత్తటి తెల్లటి పొడి. లారీ వెళ్లినా, గాలి వీచినా అది లేస్తుంది. ఇంటి గడప మీద పేరుకున్నట్టే స్కూటరు మీదా పేరుకుంటుంది.

వెస్పా తరహా బండ్లకు ఇది మరీ ఇబ్బంది. 1946లో ఇటలీలో పియాజియో కంపెనీ కోసం వెస్పాను రూపొందించిన కొరాడినో దస్కానియో విమానాల ఇంజినీరు. నడిపేవాళ్ల బట్టలకు నూనె మరకలు అంటకూడదని ఇంజిన్‌ను మూత కింద దాచేశాడు. ఆ నమూనాను మన దేశంలో లైసెన్సు మీద బజాజ్ తయారుచేసింది. 1972లో అదే పోలికతో చేతక్ వచ్చింది. బట్టలకు నూనె అంటదు, నిజమే. కానీ మూత కింద ఏం పేరుకుందో కంటికి కనిపించదు. కుడివైపు మూత తీసి చూసేది బండి మొరాయించినప్పుడే!

తడి ప్లగ్గా... పొడి ప్లగ్గా?

కార్బొరేటర్ జోలికి వెళ్లకముందే సగం సంగతి ప్లగ్గు చెప్పేస్తుంది. పెట్రోలు తెరిచి, చోక్ లాగి, ఏడెనిమిది కిక్కులు కొట్టండి. స్టార్టు కాకపోతే ప్లగ్గు విప్పి చూడండి.

పొడిగా ఉందా? అయితే పెట్రోలు రావడం లేదు. నిప్పురవ్వ గురించి ఆలోచించే పనే లేదు. ముందు కుళాయి 'ఆన్'లో ఉందో 'రిజర్వు'లో ఉందో చూడండి. ట్యాంకులో అడుగంటితే 'ఆన్'లో చుక్క కూడా రాదు. తర్వాత గొట్టం ఊడదీసి సీసాలోకి వదలండి. ధార ఆగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే కుళాయిలోనో ట్యాంకులోనో తుప్పు, మట్టి చేరినట్టే. ధార బాగున్నా ప్లగ్గు పొడిగానే ఉంటే, పెట్రోలు కార్బొరేటర్‌లోకి అడుగుపెట్టే చోట ఉండే చిన్న జల్లెడను శుభ్రం చేయండి.

తడిగా ఉందా? పెట్రోలు వస్తోంది, మండటం లేదు. ప్లగ్గును తుడిచి, దాని లోహపు భాగం ఇంజిన్‌కు ఆనేట్టు పెట్టి కిక్కు కొట్టండి. నీలిరంగులో గట్టి రవ్వ కనిపించాలి. పసుపు రంగులో నీరసంగా ఉంటే ప్లగ్గు మార్చి చూడండి. ప్లగ్గు ఎడం 0.6 మిల్లీమీటర్లు ఉంటే సరి. అప్పటికీ మారకపోతే పాయింట్లు చూడాలి. వాటి ఎడం 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. వాటి మధ్య చేరిన నూనె, దుమ్ము రవ్వను మింగేస్తాయి. ఒక హెచ్చరిక... ఈ పరీక్షకు ముందు పెట్రోలు కుళాయి కట్టేయండి. కారిన పెట్రోలు తుడిచి, ఆరనివ్వండి. ఆరుబయటే చేయండి. సిగరెట్టు ఉన్న మనిషిని దూరంగా పంపండి.

రవ్వ బాగున్నా ప్లగ్గు తడుస్తుంటే ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువ చేరినట్టు. కుళాయి కట్టేసి, చోక్ మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిపట్టి ఓ పది కిక్కులు కొట్టండి. ఎక్కువైంది బయటికి పోతుంది. ప్రతిసారీ ఇదే తంతయితే కార్బొరేటర్‌లోని ఫ్లోటు, దాని సూది సరిగా మూసుకోవడం లేదన్నమాట.

అన్నట్టు, ఆ వంచడంలోనూ కాస్త శాస్త్రం ఉంది. ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు కుళాయి వైపు చేరుతుంది. ఫ్లోటు గదిలో మట్టం కదిలి జెట్ వైపు కాస్త పొంగుతుంది. చల్లబడ్డ ఇంజిన్‌కు ఆ కాస్తే కావాలి. కానీ రోజూ వంచితే తప్ప కదలని బండికి జబ్బుందని అర్థం. వంచడం దానికి వైద్యం కాదు.

రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతే...

స్టార్టు బాగానే అవుతుంది. రెండు మూడు కిలోమీటర్లు వెళ్లాక ఊపిరి ఆగినట్టు ఆగిపోతుంది. పది నిమిషాలాగి కొడితే మళ్లీ పరుగు. ఇలాంటప్పుడు ట్యాంకు మూత తెరిచి చూడండి. 'ఉస్సు'మని గాలి లోపలికి పోయిందా? దొంగ దొరికాడు! మూతలో గాలి ఆడేందుకు సన్నని రంధ్రం ఉంటుంది. రాతిపొడితో అది పూడుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. ఖర్చు లేదు. కడిగి, గాలి కొడితే చాలు.

మూత బాగున్నా, ఎండవేళ ఇంజిన్ వేడెక్కగానే ఆగి, చల్లారాక నడుస్తుంటే కాయిల్‌నో కండెన్సరునో అనుమానించాలి. వేడికి అవి చేతులెత్తేస్తాయి. అదీ మన వేసవి!

అసలు చంపేది ఇదే

నల్ల పొగ వస్తోంది, ప్లగ్గు మసిబారుతోంది, మైలేజీ పడిపోయింది అంటే గాలి జల్లెడ పూడినట్టు. లోహపు తీగల జల్లెడైతే పెట్రోల్లో కడిగి, ఆరబెట్టి బిగించవచ్చు. మిగతా ఊళ్లలో నెలకోసారి చేసే ఈ పని బండల ఫ్యాక్టరీల దారిలో తిరిగే బండికి వారానికోసారైనా కావాలి.

కొందరు దీనికో అడ్డదారి కనిపెట్టారు. జల్లెడ తీసి పక్కన పడేస్తే బండి హుషారుగా పోతుంది కదా అని! పోతుంది... కొన్నాళ్లే. వెస్పా తరహా బండ్లలో గాలి ఫ్రేములోంచి రబ్బరు గొట్టం గుండా వస్తుంది. ఆ గొట్టం చిరిగినా, జల్లెడ లేకపోయినా రాతిపొడి నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. అక్కడ ఆయిల్‌తో కలిసి సానపట్టే ముద్దగా మారుతుంది. పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ అరిగిపోతాయి. కిక్కు తొక్కితే కాలికి బరువు తగలదు. కుదింపు లేని ఇంజిన్‌కు కొత్త కార్బొరేటర్ బిగించినా దండగే.

విప్పక తప్పనప్పుడు

ఇవన్నీ చూశాకా మొరాయిస్తే అప్పుడు కార్బొరేటర్ వంతు. చోక్ లాగితేనే నడుస్తూ, మూయగానే ఆగిపోతే చిన్న జెట్ పూడినట్టు. లేదా ఎక్కడో గాలి దూరుతున్నట్టు. నెమ్మదిగా నడుస్తూ వేగం మాత్రం అందుకోకపోతే పెద్ద జెట్‌ది తప్పు. పెద్ద జెట్ రంధ్రం దాదాపు ఒక మిల్లీమీటరు. చిన్నదానిది అందులో సగం. ఆవగింజ కూడా దూరని దారి! అందులో పిన్నో, బ్రేకు వైరు పోగో దూర్చి తిప్పితే మెత్తటి ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది. ఇక ఆ బండి ఎప్పటికీ కుదురుకోదు. పెట్రోల్లో నానబెట్టి, పంక్చరు షాపులో గాలి కొట్టించండి. అంతే. గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే స్క్రూ విప్పే ముందు ఎన్ని చుట్లు బిగుసుకుందో లెక్క రాసుకోండి. చాలా బండ్లకు బిగించి ఒకటిన్నర చుట్టు వదిలితే మొదలుపెట్టడానికి సరిపోతుంది.

ఇప్పుడు మరో కొత్త చిక్కు. మన బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ వాటా 2022 నాటికి పది శాతానికి, 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరుస్తుంది. నెలల తరబడి బండి తీయకపోతే కార్బొరేటర్‌లో జిగురు, తుప్పు మిగులుతాయి. అందుకే కదలని బండిలో పెట్రోలు ఉంచొద్దు. కుళాయి కట్టేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి. రబ్బరు భాగాలు కొత్తవి వేయించండి. లీటరుకు ఇరవై మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపడం మాత్రం మరవొద్దు. దాని మీద పొదుపు చేస్తే పిస్టన్ పట్టేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకూ అంటారా? బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూసి కొన్న బండ్లివి. స్కూటర్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్టు 2009 చివర్లో బజాజ్ ప్రకటించింది. 2020లో చేతక్ పేరు తిరిగొచ్చింది కానీ అది కరెంటు బండి. దానికి కార్బొరేటరే లేదు! పాతదాని విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. మరోపక్క, యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్రం కల్పించింది. 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. అయితే ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకే. అంటే 1972 నాటి తొలి చేతక్‌లకు ఆ వయసు వచ్చేసింది.

కాబట్టి రేపు పొద్దున బండి మొరాయిస్తే వరుస గుర్తుపెట్టుకోండి. పెట్రోలు, రవ్వ, గాలి... ఆ తర్వాతే కార్బొరేటర్. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినా ప్లగ్గు తడిగా ఉందో పొడిగా ఉందో ముందే చెప్పండి. ఆయన సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి!