బ్లేడు మానేసిన గడ్డానికి

షాపులోకి వెళ్ళి షేవర్ కావాలని అడగండి. కౌంటరు వెనక కుర్రాడు మొదట వేసే ప్రశ్న ఒకటే: ‘‘ఎంతలో చూపించమంటారు సార్?’’ ఖమ్మంలోనూ అదే, మానుకోటలోనూ అదే. డోర్నకల్ వాళ్ళకి ఈ రెండూ చెరో పక్కన ఉన్న ఊళ్ళు కాబట్టి వాటి పేర్లు చెప్పాను గానీ, సికింద్రాబాద్ వెళ్ళినా తేడా ఏమీ ఉండదు. అసలు అడగాల్సింది ‘ఎవరికి?’ అని. రోజూ గీసే గడ్డమా, వారానికోసారి గీసే గడ్డమా? పాతికేళ్ళ చర్మమా, డెబ్భై ఏళ్ళ చర్మమా? ఇది తేలితే ధర సంగతి సగం తేలిపోయినట్టే.

మా మేనమామనే తీసుకోండి. రైల్వేలో గార్డుగా చేసి డోర్నకల్‌లోనే స్థిరపడ్డ మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెల్లారగట్ల అద్దం ముందు నిలబడి, బ్రష్షుతో నురగ పట్టించి, నున్నగా గీసుకున్నాకే డ్యూటీ ఎక్కేవాడు. గుండె కవాటం మార్చే ఆపరేషను అయ్యాక రక్తం పలచబడే మాత్రలు జీవితాంతం వాడాలన్నారు. ఇక అప్పట్నుంచీ చిన్న గాటు పడినా పటిక రాయి రుద్దినా, పేపరు ముక్క అంటించినా రక్తం ఓ పట్టాన ఆగదు. దానికి తోడు చెయ్యి కాస్త వణుకుతోంది. ‘బ్లేడు మానెయ్యండి, కరెంటు షేవర్ వాడండి’ అన్నారు డాక్టరుగారు.

ఇది ఆయనొక్కడికే చెప్పిన మాట కాదు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మందులు వాడేవాళ్ళకి మామూలుగా ఇచ్చే సలహాయే. షుగరు ఉండి పుండు తొందరగా మానని వాళ్ళకీ, చేతులు వణికే పెద్దవాళ్ళకీ కూడా ఇదే మంచిది. అలాంటి ఇళ్ళలో షేవర్ షోకు వస్తువు కాదు, బీపీ మిషను పక్కన పెట్టుకోవాల్సిన వస్తువు.

సరే, కొందాం అనుకోగానే మొదటి తికమక ఎదురవుతుంది. గడ్డం మీద గుర్రుమనే వస్తువు ఏదైనా సరే మనవాళ్ళు ఒకడు ట్రిమ్మర్ అంటాడు, ఇంకొకడు షేవర్ అంటాడు. రెండూ ఒకటి కావు. ట్రిమ్మర్‌కి దువ్వెన పళ్ళలాంటి బ్లేళ్ళు పైకే కనిపిస్తుంటాయి. ఎంత ఆనించి తిప్పినా సుమారు అర మిల్లీమీటరు గడ్డం మిగిలే ఉంటుంది. షేవర్‌లో బ్లేడు చర్మాన్ని నేరుగా తాకదు. మధ్యలో చిల్లులున్న పలచటి లోహపు రేకో, సన్నటి చీలికలున్న గుండ్రటి మూతో అడ్డంగా ఉంటుంది. వెంట్రుక ఆ సందులోంచి లోపలికి దూరితే లోపల ఆడే బ్లేడు దాన్ని తెంపేస్తుంది. గాట్లు తగ్గడానికి కారణం ఈ అడ్డుగోడే. అలాగని ‘అస్సలు గాటు పడదు’ అంటే నమ్మకండి. ఆ రేకు ఎక్కడైనా చిరిగిందంటే అదే కత్తి.

నున్నగా లేకపోయినా ఫరవాలేదు, శుభ్రంగా కనిపిస్తే చాలనుకునే పెద్దాయనకి షేవర్ బదులు మంచి ట్రిమ్మరే చాలన్నది నా అభిప్రాయం. ధర తక్కువ, పని తేలిక. మెడ కింద వదులైన చర్మం పళ్ళ మధ్య ఇరుక్కోకుండా దువ్వెన తొడుగు పెట్టి వాడాలి, అంతే. గడ్డం వెంట్రుకలు రింగులు తిరిగి మళ్ళీ చర్మంలోకే గుచ్చుకుని గుల్లలు లేచే కుర్రాళ్ళకి కూడా ఇదే మేలు. వాళ్ళు ఎంత నున్నగా గీస్తే అంత బాధ.

కానీ మా మామయ్య లాంటి నున్నటి గడ్డం మనుషులు అర మిల్లీమీటరుకి ఒప్పుకోరు. వాళ్ళకి షేవరే కావాలి. అందులో రెండు జాతులున్నాయి.

నీళ్ళూ సబ్బూ లేకుండా గడ్డం గీయాలన్న పట్టుదలతో అమెరికా సైన్యంలో పనిచేసిన జాకబ్ షిక్ తన కరెంటు షేవర్‌ని 1931లో అమ్మకానికి పెట్టాడు. గుండ్రంగా తిరిగే తల ఉన్న రకాన్ని ఫిలిప్స్ కంపెనీలో హోరోవిట్జ్ అనే ఇంజనీరు తయారు చేశాడు. అది 1939లో వచ్చింది. డోర్నకల్ వాళ్ళకి ఆ ఏడాది గుర్తుపెట్టుకోవడం తేలిక. బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్‌ని ప్రతిష్ఠించిందీ ఆ సంవత్సరమే. చిల్లుల రేకు రకాన్ని జర్మనీ వాళ్ళ బ్రౌన్ కంపెనీ 1950లో తెచ్చింది. ఇప్పుడు షాపులో ఎన్ని పేర్లు కనిపించినా, ఎన్ని రంగులు మెరిసినా దాదాపు అన్నీ ఈ రెండు వంశాల సంతానమే.

రేకు రకాన్ని తిన్నగా, పైకీ కిందికీ నడపాలి. రోజూ గీసుకునేవాళ్ళకి, సున్నితమైన చర్మానికి ఇది బాగా నప్పుతుంది. చెవి పక్కన గీత కూడా సూటిగా వస్తుంది. రెండు మూడు రోజుల గడ్డం అయితే మాత్రం పడుకున్న వెంట్రుకల్ని పట్టలేక తడబడుతుంది. గుండ్రటి తలల రకాన్ని, అంటే రోటరీని, బుగ్గ మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ తిప్పాలి. మెడ దగ్గర ఒక్కో వెంట్రుక ఒక్కో దిక్కుకి మొలిచే వాళ్ళకి ఇది హాయి. మంగళవారం ముట్టరు, శుక్రవారం ముట్టరు, మధ్యలో ఏ అమావాస్యో అడ్డొస్తుంది... ఇలాంటి పట్టింపులున్న ఇంటికి రోటరీయే సరి. ఇక అయ్యప్ప మాల వేసి నలభై ఒక్క రోజులు పెంచిన గడ్డానికి ఏ జాతి షేవరూ పనికిరాదు. ముందు ట్రిమ్మర్‌తో కురచ చేసి, ఆ తర్వాతే షేవర్. నేరుగా పెడితే గీయదు సరికదా, పీకుతుంది.

ఒకే చిన్న బ్లేడు అటూ ఇటూ కదిలే రకం ఒకటి ఈమధ్య కుర్రాళ్ళు బాగా కొంటున్నారు. చవక, చేతికి ఒదుగుతుంది. కానీ దాని బ్లేడు కంపెనీ లెక్క ప్రకారమే నాలుగు నెలలకోసారి మార్చాలి. ఏడాదికి మూడు బ్లేళ్ళ ధర కలుపుకుని అప్పుడు చవకో కాదో మీరే చూసుకోండి.

మా మామయ్యకి రేకు రకం తీసుకున్నాం. మొదటిరోజు గీసుకుని, చేతి వెనక భాగంతో బుగ్గ రుద్ది చూసుకుని, ‘‘ఇది గీకినట్టు లేదురా, దువ్వినట్టున్నది’’ అన్నాడు. రెండో రోజు మెడ ఎర్రగా కందింది. వారం తిరిగేసరికి మిషను అటక ఎక్కేదే. ఇక్కడే చాలామంది డబ్బు వృథా అవుతుంది. బ్లేడుకి అలవాటుపడ్డ చర్మం షేవర్‌కి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అది కంపెనీల వాళ్ళూ చెప్పే మాటే, కాకపోతే డబ్బా లోపలి పుస్తకంలో చెబుతారు. ఆ మూడు వారాలూ మధ్యలో బ్లేడు ముట్టకూడదు. ఇంకో సంగతి. బ్లేడుతో గీసే చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. షేవర్‌ని నొక్కితే గడ్డం బాగా తెగదు, చర్మం మాత్రం కందుతుంది. ఒక చేత్తో చర్మాన్ని లాగిపట్టి, రెండో చేత్తో పైపైన, వెంట్రుకలకి ఎదురు నడపాలి. మన ఎండల్లో చెమటకి ముఖం జిగటగా ఉంటే మిషను జారదు. పొడిగా తుడుచుకుని కాస్త పౌడరు అద్దుకోండి. లేదా పొద్దున్నే, స్నానానికి ముందే కానిచ్చేయండి. నురగ లేనిదే గడ్డం గీసినట్టు అనిపించని వాళ్ళు తడిలోనూ పనిచేస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న రకమే కొనాలి.

ఇంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకసారి మొటిమ మీదో పులిపిరి మీదో తగిలి రక్తం రావచ్చు. మాత్రలు వాడేవాళ్ళు కంగారు పడకుండా శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. మధ్యమధ్య తీసి చూడకూడదు. అప్పటికీ ఆగకపోతే డాక్టరుకి ఫోను చేయాలి. అంతేగానీ ‘ఇదంతా ఆ మాత్రల వల్లే’ అని సొంతంగా మాత్రలు ఆపేయడం ప్రాణాల మీదకి తెస్తుంది. కవాటం మార్చినవాళ్ళ విషయంలో మరీను.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. పాత రకం నికెల్ బ్యాటరీలు రాత్రంతా చార్జింగ్ పెడితే గానీ నిండేవి కావు. లిథియం అయాన్ రకం గంటలో నిండుతుంది. కాబట్టి అదే ఉందో లేదో చూడండి. అందరూ మరిచిపోయేది వేరే ఉంది. నీళ్ళలో కడగగలిగే షేవర్లు చాలావరకు ప్లగ్గులో ఉండగా పనిచేయవు. షాకు కొట్టకుండా కావాలనే అలా చేస్తారు. చార్జింగ్ పెట్టడం మరిచిపోయే పెద్దాయన పెళ్ళికి బయల్దేరేముందు సగం గడ్డంతో నిలబడిపోయే ప్రమాదం ఉంది. అలాంటివారికి వైరుతోనూ పనిచేసే రకం మేలు. లేదంటే ప్రతి ఆదివారం చార్జింగ్ పెట్టే బాధ్యత ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి.

రెండు వేల లోపు నుంచి ఇరవై వేల పైదాకా షేవర్లున్నాయి. పై ధరల్లో మీరు డబ్బు పెట్టేది ఎక్కువగా మోటారు బలానికీ, ముఖం ఒంపులకి తగ్గట్టు వంగే తలకీ, తనంతట తానే కడిగేసుకునే స్టాండుకీ. ఆ స్టాండు లేకపోతే కొంపేమీ మునగదు, కుళాయి ఉందిగా. నన్నడిగితే మోటారు కంటే ముందు తల ధర అడగండి. రేకూ బ్లేడూ అరిగేవే. రకాన్ని బట్టి ఏడాదిన్నరకో రెండేళ్ళకో మార్చాలి. కొన్నిటికి ఆ విడి భాగమే మిషను ధరలో సగం దాకా ఉంటుంది. కొన్నిటికి దొరకనే దొరకదు. పేరు వినని కంపెనీ షేవర్ మూడొంతుల తక్కువకి వచ్చిందని మురిసిపోతే, రేకు చిరిగిన రోజున మొత్తం మిషను చెత్తబుట్టలోకే. ‘దీని తల విడిగా ఎంత, ఎక్కడ దొరుకుతుంది, దగ్గర్లో సర్వీసు సెంటరు ఏ ఊళ్ళో ఉంది’ అని అడిగితే కౌంటరు కుర్రాడి ముఖం చూసే సగం విషయం తెలిసిపోతుంది.

కొన్నాక వారానికోసారి రేకుని వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. చిల్లులకంటే పెద్ద సందు కనిపిస్తే ఆరోజే వాడకం ఆపాలి. రోటరీ అయితే ఏ మూతకి ఆ బ్లేడే జోడీ. కడిగేటప్పుడు కలగాపులగం చేస్తే మొద్దుబారినట్టు గీస్తుంది. బోరు నీళ్ళతో కడిగి అలాగే వదిలేస్తే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. దులిపి ఆరబెట్టాలి. నెలకో రెండుసార్లు కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిడ్డు కట్టి బిగుసుకుపోతుంది.

సెలూన్‌లో కూర్చోగానే ‘కొత్త బ్లేడు వేశావా?’ అని అడగడం మనందరికీ అలవాటయింది. అదే మనిషి ఇంటికొచ్చి కొడుకు షేవర్‌తో తను గీసుకుంటాడు. కంటికి కనపడనంత గీరుడులోంచి కూడా హెపటైటిస్ బి, సి లాంటివి ఒకరినుంచి ఒకరికి పాకగలవు. టూత్‌బ్రష్ ఎలాగో షేవర్ కూడా అంతే, ఎవరిది వాళ్ళకే.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు సీలు విప్పకముందే డబ్బా తిప్పి చూడండి. ఎంఆర్‌పీ, తయారైన నెల, దిగుమతి చేసుకున్నవారి పేరూ చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండి తీరాలి. సీలు విప్పిన షేవర్‌ని శుభ్రత పేరు చెప్పి చాలామంది వెనక్కి తీసుకోరు. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి చేయవచ్చు. 2019 చట్టం వచ్చాక అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. బిల్లు మాత్రం జాగ్రత్త.

చివరగా, ఇది రైల్వే ఊరు కాబట్టి తప్పకుండా వచ్చే ప్రశ్న: రైల్లో వాడుకోవచ్చా? రైలు పెట్టెల్లో చాలాచోట్ల సాకెట్ మీద 110 వోల్టులని రాసి ఉంటుంది. మీ చార్జరు మీద 100–240 అని ఉంటే భయం లేదు, 220 అని మాత్రమే ఉంటే పెట్టకండి. దానికంటే ఇంటి దగ్గరే చార్జింగ్ పెట్టుకుని వెళ్ళడం మంచిది. కాజీపేట వైపు నుంచి వస్తూ మానుకోటలో మొదలుపెడితే గార్ల దాటేసరికి గడ్డం పని అయిపోతుంది. అక్కడక్కడా మిగిలినవి ఉంటే ఇంటికెళ్ళి అద్దంలో చూసుకోవచ్చు.