సైలెన్సరుకు బెజ్జం – కూలోడి చెవికి చిల్లు

నందిగామ, కనిగిరి వైపు సుబాబుల్, జామాయిల్ తోటల్లో కోత పడిందంటే చాలు, పొద్దెక్కకముందే ఊరి చివర నుంచి మోత మొదలవుతుంది. గొడ్డలి దెబ్బ కాదది, చెయిన్‌సా రంపం మోత. ఒకప్పుడు ముఠా అంతా గొడ్డళ్లతో చేసిన పని ఇప్పుడు ఒక్క మిషను ముందు తేలిపోతోంది. మిషను వచ్చింది, మంచిదే. గొడ్డలే బాగుందని మేం అనం. కానీ మిషను తెచ్చిన సుఖం ఎవరికి, రోగం ఎవరికి అన్నది మాత్రం అడగాల్సిందే.

ఈ మధ్య అలాంటి ఒక తోటలో అన్నాల వేళ ఒక ముఠాతో కూర్చున్నాం. మిషను పట్టే కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. "ఎన్నాళ్లుగా చేస్తున్నావు తమ్ముడూ?" అని అడిగాం. పలకలేదు. తొక్క తీసే పెద్దమ్మ నవ్వి, "గట్టిగా అడగాలయ్యా, వాడి చెవులు మిషనుకి ఇచ్చేశాడు" అంది. అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

మిషను తిప్పి చూశాం. సైలెన్సరు మూతి వెడల్పు చేశారు. లోపలి జాలీ తీసేశారు. పక్కన ఇంకో బెజ్జం కొట్టి, దానికి చిన్న గొట్టం ముక్క ఇత్తడితో అతికించారు. ఇదేమిటంటే, "లాగుడు పెరుగుద్దన్నా. కూలి టన్నుకు కదా!" అన్నాడు.

అసలు సంగతి ఆ చివరి మాటలోనే ఉంది. దాని దగ్గరకు వచ్చేముందు ఆ బెజ్జం కథేమిటో తెలుసుకుందాం.

బెజ్జం ఏం చేస్తుంది?

ఈ మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోకు ఇంజన్లు. పెట్రోలులో ఆయిలు కలిపి పోస్తాం. కాలిన పొగ సైలెన్సరు డబ్బాలో గదులు తిరిగి, సన్నని మూతి గుండా బయటికి పోతుంది. ఆ తిరుగుడులోనే మోత తగ్గుతుంది. మూతి వెడల్పు చేస్తే పొగ తొందరగా పోతుంది, ఇంజను కాస్త జోరుగా లాగుతుంది. ఇందులో అబద్ధం లేదు. కుర్రాడు చెప్పింది నిజమే.

అయితే మిగతా సగం నిజం అతనికెవరూ చెప్పలేదు. పొగ తేలిగ్గా పోతే లోపలికి గాలి ఎక్కువ వస్తుంది. గాలికి తగ్గ పెట్రోలు అందాలంటే కార్బురేటరు మీదుండే 'హెచ్' స్క్రూ సరిచెయ్యాలి. చెయ్యకపోతే పెట్రోలూ తక్కువే, దాంతో వచ్చే ఆయిలూ తక్కువే. ఇంజను కాగిపోయి పిస్టను పట్టేస్తుంది. వారం రోజులు లాగుడు పెరిగిందని సంబరపడ్డవాడు ఎనిమిదో రోజు బోరు కిట్టు ఖర్చుకు అప్పు చెయ్యాలి.

జాలీ సంగతి ఇంకోటి. అది నిప్పురవ్వలు బయట పడకుండా ఆపేది. ఎండాకాలంలో జామాయిల్ తోట కింద ఎండుటాకు మోకాలి మందాన పడి ఉంటుంది. ఆ ఆకులో నూనె ఉంది. ఒక్క రవ్వ చాలు. తోట అంటుకుంటే కేసు ఎవరి మీద పడుతుందో మనకు తెలియనిది కాదు.

నిజానికి చాలా మిషన్లలో లాగుడు తగ్గేది ఆ జాలీకి మసి పట్టడం వల్లే. నాసి ఆయిలు, ఎక్కువ ఆయిలు పోస్తే మసి కడుతుంది. జాలీ విప్పి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, మళ్లీ బిగిస్తే పోయిన లాగుడు తిరిగొస్తుంది. ఎయిర్ ఫిల్టరు కడిగి, చెయిన్ పళ్లకు ఆకురాయి పట్టిస్తే సగం కష్టం తగ్గుతుంది. వీటికి బెజ్జం అక్కర్లేదు, వెల్డింగు అక్కర్లేదు.

అతుకు వెనుక జ్వరం

సైలెన్సరు రేకు పలచన. కరెంటు వెల్డింగు పెడితే రేకు కరిగి రంధ్రం పడుతుంది. అందుకే గ్యాసు మంట మీద ఇత్తడి పుల్ల కరిగించి, వెలిగారం చల్లి అతుకుతారు. రేకు కరగకుండా ఇత్తడి మాత్రమే కరిగి పట్టుకుంటుంది. టంకం ఇక్కడ పనికిరాదు, సైలెన్సరు వేడికి అదే ఊడిపోతుంది. పని తెలిసిన చెయ్యి పెట్టిన ఇత్తడి అతుకు గట్టిగానే నిలుస్తుంది.

కానీ ఇత్తడిలో జింకు ఉంది. మంట ఎక్కువైతే తెల్లటి పొగ లేస్తుంది. జి.ఐ. పైపు ముక్క అతికిస్తే దాని పూతలోనూ జింకే. ఆ పొగ పీల్చినవాడికి సాయంత్రానికి నోరు లోహపు రుచి, చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి ఎండదెబ్బ అనుకుని మాత్ర వేసుకుంటాడు. కొన్ని రకాల వెండి పుల్లల్లో కాడ్మియం ఉంటుంది. దాని పొగ ప్రాణం తీయగలదు. ఇంటి వెనుక రేకుల పాకలో, తలుపు మూసి, పిల్లలు చుట్టూ చేరగా ఈ పని చేస్తున్నారు. చెయ్యక తప్పనివాడు ఆరుబయట, గాలికి వీపు పెట్టి, సైలెన్సరును మిషను నుంచి పూర్తిగా విప్పి చెయ్యాలి. పెట్రోలు ట్యాంకు పక్కన మంట పెట్టడమంటే చావును పిలవడమే. అరగదీసిన ఇనుప రజను ఇంజనులో పడితే బోరు గీసుకుపోతుంది.

వెల్డింగు మేస్త్రిని మేం తప్పుపట్టడం లేదు. అతనూ మన లాంటివాడే. అడిగింది చేసి పెట్టాడు.

చెవి లెక్క

మార్చకుండా ఉన్న మిషనే పట్టేవాడి చెవి దగ్గర 100 డెసిబెల్సు దాటి మోగుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ఇలా ఉంది: 85 డెసిబెల్సు మోతలో 8 గంటలు పనిచెయ్యొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్సుకు టైము సగమవుతుంది. 88 అయితే 4 గంటలు. 100 అయితే 15 నిమిషాలు. అంటే కంపెనీ నుంచి వచ్చిన మిషనుకే చెవి మూతలు తప్పనిసరి. దానికి బెజ్జం కొట్టి మరో 3 డెసిబెల్సు పెంచితే చెవిలో పడే మోత బలం రెట్టింపు.

మొదట రాత్రిళ్లు చెవిలో గుయ్‌మంటుంది. తర్వాత ఆడవాళ్ల మాట, పిల్లల మాట సరిగా అందదు. ఆ తర్వాత చెట్టు ఫెళ్లుమని విరిగే చప్పుడు, "తప్పుకో" అన్న పక్కవాడి కేక కూడా వినపడదు. అప్పుడు పోయేది చెవి ఒక్కటే కాదు. అలా పోయిన వినికిడిని ఏ డాక్టరూ తిరిగి తెప్పించలేడు. మిషను అదురుకు వేళ్లకు వచ్చే జబ్బు దీనికి తోడు: చలి పొద్దున వేళ్లు తెల్లగా పాలిపోయి తిమ్మిరెక్కుతాయి.

లాభం ఎవరిది?

తెలిసి తెలిసి ఎవడైనా తన చెవికి చిల్లు పెట్టుకుంటాడా? పెట్టుకోడు. టన్ను కూలి పెట్టిస్తుంది. మేస్త్రీ కొరడా పట్టుకుని నిలబడక్కర్లేదు, కాటాయే కొరడా. ఈ సీజనులో ఒక ముఠా బెజ్జం కొట్టి నాలుగు టన్నులు ఎక్కువ కొడితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. వచ్చే సీజనుకు కాంట్రాక్టరు ఆ ముఠానే చూపించి, "వాళ్లకు గిట్టుబాటైన రేటు మీకెందుకు కాదు?" అంటాడు. అప్పుడు ప్రతి ముఠా బెజ్జం కొట్టాల్సిందే. రేటు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది, లేదా దిగుతుంది. లాగుడు పెరిగింది మిషనుకు, లాభం పెరిగింది కాంట్రాక్టరుకు, చెవుడు మిగిలింది కూలికి. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటే ఇదే.

చట్టంలో ఏమీ లేదనుకోవద్దు. టన్ను లెక్కన చేసినా కాల వేతనం కన్నా తక్కువ పడకూడదని 1948 కనీస వేతనాల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడులోనూ ఆ మాట ఉంది. తాటిచెట్లు గీసేవాళ్లను, చెట్లు నరికేవాళ్లను 1923 నాటి పరిహార చట్టం ఒకే వరుసలో పేర్కొంది. మోత వల్ల వచ్చే చెవుడు ఆ చట్టం వృత్తి రోగాల జాబితాలో చేరింది, 2020 సామాజిక భద్రతా కోడులోకీ వచ్చింది. కాగితం మీద ఉన్న ఈ హక్కు తోటలోకి ఎందుకు రాలేదు? ముఠా పేరు ఏ రిజిస్టరులోనూ లేదు కాబట్టి. అడిగేవాడు ఒంటరివాడు కాబట్టి.

ఏం చెయ్యాలి?

ఒకటి: కోత ఒప్పుకునేముందే రేటుతో పాటు చెవి మూతలు, హెల్మెట్టు, కాళ్ల కవచాలు, మిషను రిపేరు ఖర్చు కూడా మాట్లాడాలి. ఇవి కాంట్రాక్టరు పెట్టుకోవాలి. దూది చెవిలో పెట్టుకుంటే సరిపోదు.

రెండు: మిషను ఒక్కడి మీదే వదలకుండా ఇద్దరు ముగ్గురు వంతులేసుకోవాలి. మధ్య మధ్య చెవికి, చేతికి విశ్రాంతి ఉండాలి.

మూడు: ముఠాలో ఉన్న ప్రతి మనిషి పేరు, తొక్క తీసే ఆడవాళ్ల పేర్లతో సహా, రాతలో ఉండాలి. రాతలో లేనివాడికి పరిహారం రాదు.

నాలుగు: మిషను పట్టేవాళ్లందరికీ వినికిడి పరీక్ష చేయించమని జిల్లా ఆసుపత్రి దగ్గర, కార్మిక శాఖ దగ్గర సంఘం అడగాలి. పరీక్ష కాగితమే రేపు సాక్ష్యం.

ఐదు: చుట్టుపక్కల ఊళ్ల ముఠాలన్నీ కూర్చుని ఒకే రేటు చెప్పాలి. ఒక ముఠా బెజ్జాన్ని ఇంకో ముఠా మీద కత్తిగా వాడే అవకాశం కాంట్రాక్టరుకు ఇవ్వకూడదు.

ఆ రోజు తోట నుంచి వచ్చేస్తూ కుర్రాడికి ఈ లెక్కంతా చెప్పాం. చెప్పామనడం కన్నా అరిచామనడం సరి. అతను కాసేపు ఆలోచించి, "నేనొక్కణ్ణి మూస్తే ఏమొస్తదన్నా, పక్క ముఠా మూయదుగా" అన్నాడు. నిజమే. ఒక్కడు మూస్తే ఆ ఒక్కడి కూలి తగ్గుతుంది. అందరం కలిసి మూద్దామంటే ముందు అందరం కలిసి కూర్చోవాలి. ఆ కుర్రాడు ఇంకా పాతికేళ్లు దాటనివాడు. అతని చెవిలో మిగిలిన ఆ కాస్త వినికిడి పోకముందే ఆ కూర్చోవడం జరగాలి.