చిహ్నమునకు హక్కుదారు లెవ్వరు?

ఆటగాండ్ర యంగీమీది బొమ్మ యెంత, దానిపై సంపాదకీయ మేమని కొందరు నవ్వవచ్చును. అట్టివారికి అమెరికాలోని ఉత్తర డకోటా విశ్వవిద్యాలయపు కథను మనవి చేయుచున్నాము. ఒక్క బొమ్మ నిమిత్తమై యచట న్యాయస్థానమును, శాసనసభయు, తుదకు రాష్ట్రములోని వోటరులును తీర్పు చెప్పవలసివచ్చెను.

ఆ విద్యాలయపు జట్లకు 1930లో 'ఫైటింగ్ సూ' అను పేరిడిరి. పోరాడు సూ వీరులని దాని యర్థము. సూ అనునది ఆ మైదానములలో చిరకాలముగా నివసించిన యాదిమజాతి. ఏ నేలనుండి ఆ జాతిని సైన్యబలముతో తఱిమి కొలదిపాటి ప్రత్యేక ప్రాంతములలో నిలిపిరో, ఆ నేలమీదనే దాని పేరు ఆటల కలంకార మయ్యెను. 1999లో, ఈకలు దాల్చిన వీరుని ముఖమును నూతన చిహ్నముగ చిత్రింపించిరి. చిత్రకారుడు ఓజిబ్వే యను వేఱొక యాదిమజాతివాడు. బొమ్మ అందమైనదే, ఆ ముఖమున గాంభీర్యము కలదు. దానిని మేము కాదనము. కాని యంద మొక ప్రశ్న, అధికార మొక ప్రశ్న.

ఈ రెండవ ప్రశ్నకు మొదట ధనము సమాధానము చెప్పెను. ఆ విద్యాలయపు పూర్వవిద్యార్థియు, జూదశాలల యజమానియునైన రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్ హాకీ క్రీడామందిరమును కట్టించుచు, పేరు మార్చినచో పని యాపివేయుదునని 2000లో వ్రాసెను. పాలకమండలి పేరును నిలిపెను. పదికోట్ల డాలర్లకు మించిన వ్యయముతో 2001లో తెఱవబడిన ఆ మందిరమున ఈ చిహ్నము వేలకొలది చోట్ల వెలసెను. దాత దాతృత్వమును మేము తక్కువ చేయము. కాని తనది కానిదానిని రాతిలో చెక్కించినంతమాత్రమున అది తనదగునా?

2005లో జాతీయ కళాశాలా క్రీడాసంఘము ఇట్టి చిహ్నములను తన ఛాంపియన్‌షిప్ పోటీలలో నిషేధించెను. విద్యాలయ పక్షమున దావా వేసిరి. 2007లో రాజీ కుదిరెను: మూడు సంవత్సరములలో స్పిరిట్ లేక్, స్టాండింగ్ రాక్ అను రెండు సూ తెగల సమ్మతిని పొందవలెను. 2009లో స్పిరిట్ లేక్ వారు వోటుచే సమ్మతించిరి. స్టాండింగ్ రాక్ సభ సమ్మతింపలేదు.

సమ్మతించినవారి మాటకు విలువ లేదా యని ప్రతిపక్షులడుగుదురు. ఉన్నది. ఆ వాదము బలమైనదే. అయినను ఉమ్మడి సొత్తును ఒక సోదరుడు ఒసగినంతనే రెండవవాని హక్కు చెడునా? అంతకన్న ముఖ్యమైన మాట యొకటి కలదు. 1930లో పెట్టిన పేరునకు 2007లో అనుమతి వెదకిరి. డెబ్బదియేడేండ్లు వాడుకొన్న పిదప అడుగుటను అడుగుట యనవచ్చునా?

ఫ్లారిడా రాష్ట్ర విశ్వవిద్యాలయము సెమినోల్ జాతి పేరును నేటికిని ధరించుచున్నది. ఫ్లారిడాలోని సెమినోల్ తెగ సమ్మతించుటచే 2005లోనే దానికి మినహాయింపు దొరకెను. కావున తగవు రంగులతోడను రేఖలతోడను కాదు, అనుమతితోడనే.

ఉత్తర డకోటా శాసనసభ 2011లో పేరును శాసనముచే బంధించి, ఆ యేడే విప్పెను. 2012 జూన్‌లో వోటరులలో దాదాపు మూడింట రెండువంతులు పేరును విడువుడనిరి. 2015లో 'ఫైటింగ్ హాక్స్' అను పేరును, మఱుసటి యేడు డేగ తల గల చిహ్నమును వచ్చెను.

ఇంత కలహమున కదలనిది యొక్కటే: రంగు. ఆ విద్యాలయపు వర్ణములు ఆకుపచ్చ, గులాబి. మైదానపు పచ్చికనుండి యొకటి, అచటి అడవిగులాబినుండి యొకటి గ్రహింపబడినవి. క్రీడాకారులు పచ్చను తెలుపుతో కలిపి ధరింతురు. ఆ రంగులు ఎవరి ముఖమునుండియు తీసినవి కావు. కావుననే వానిపై వ్యాజ్యెము లేదు.

చిహ్నములు కల్పించు విద్యాలయాధికారులకు మా మనవి యిది: మీ నేలనుండి రంగు తీసికొనుడు, పూవు తీసికొనుడు, పక్షిని తీసికొనుడు. పొరుగువాని ముఖము కావలసినచో ముందు వాని గుమ్మము తట్టుడు. వాడు వలదన్నచో మర్యాదతో మరలుడు.