పొరుగువారి నిద్ర చెడని వ్యాయామం

ఫజర్ నమాజు తరువాతి వేళ వ్యాయామానికి అనువైనది. కాని అపార్టుమెంటులో మన నేలే కింది ఇంటివారికి పైకప్పు. అక్కడ అప్పుడే కన్నంటిన పసిబిడ్డ ఉండవచ్చు, రోగి ఉండవచ్చు. మన దేహానికి మనపై హక్కు ఉన్నట్లే పొరుగువారికీ ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. పరికరం కొనేటప్పుడు ఈ రెండు హక్కులనూ చూడాలి.

ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తితే ప్రతి అడుగు దెబ్బా స్లాబు గుండా కిందికి చేరుతుంది. తాడాట కూడా అంతే. రబ్బరు చాప ఆ అదురును తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు. వీటికంటే అయస్కాంత నిరోధంతో పనిచేసే మడత సైకిలు మేలు. అందులో అయస్కాంతం చక్రాన్ని తాకకుండానే నిలువరిస్తుంది గనుక రాపిడి చప్పుడు ఉండదు. వాడిన పిమ్మట మడిచి ఓ మూల ఉంచవచ్చు. కొనేముందు దుకాణంలోనే కాసేపు తొక్కి చూడండి.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు. మాట్లాడగలిగి, పాడలేనంత ఆయాసమే దానికి కొలత. గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

మొదటి వారం గడిచాక కింది ఇంటి తలుపు తట్టి, “మా చప్పుడు వినిపిస్తున్నదా?” అని అడగండి. అసలు పరీక్ష అదే.