ఆకు మీది మచ్చకు దోషి ఎవరు?

పుదుచ్చేరి ఇళ్లలో ఆర్కిడ్ ఆకులు పాడవుతున్నాయంటే పురుగునే అనుమానించనక్కర్లేదు. మందు సీసా కొనేముందు నీటినీ ఎండనూ ప్రశ్నించాలి.

ఒకప్పుడు ఆర్కిడ్ కలవారి పువ్వు. టిష్యూ కల్చర్ పుణ్యమా అని ఇప్పుడది మధ్యతరగతి బాల్కనీల్లోకీ వచ్చేసింది. పుదుచ్చేరి ఫ్లాట్లలో డెండ్రోబియం, ఫెలనాప్సిస్, వాండా కుండీలు కొత్తేమీ కాదు. కొన్ని నెలలు గడిచాక ఆకు మీద మచ్చలు కనిపించడమూ కొత్తేమీ కాదు. అప్పుడు యజమాని పురుగుమందుల దుకాణానికి పరిగెత్తుతారు, దుకాణదారు ఏదో ఒక సీసా చేతిలో పెడతారు. చిక్కంతా ఆ తొందరతోనే. పొలంలో చల్లాల్సిన మందును పిల్లలు తిరిగే ఇంట్లో చల్లడం మొక్క కన్నా మనిషికే ఎక్కువ ప్రమాదం. డబ్బా మీద ఉండే త్రికోణం రంగు ఆ సంగతి చెబుతుంది. ఎరుపు అత్యంత విషపూరితమైనదానికి గుర్తు, ఆ తర్వాతి స్థానాలు పసుపు, నీలం, ఆకుపచ్చలవి. ఆ త్రికోణాన్ని చూసి కొనేవారు ఎందరు?

నిజానికి ఈ తీరానికి ఆర్కిడ్ పరాయిది కాదు. పుదుచ్చేరిలో భాగమైన యానాంకు ఎంతో దూరంలో లేని సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువడడం మొదలైన తన గ్రంథంలో ఒక ఆర్కిడ్‌ను వర్ణించారు. అదే నేటి వాండా టెస్సెలేటా. చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే ఈ మొక్క ఇక్కడి వేడిని, ఉక్కపోతను తట్టుకుంటూనే ఉంది. కాకపోతే చెట్టు మీద దానికి అందేది వాన నీరు, చెదిరిన నీడ, ఎడతెగని గాలి. ఇంట్లో ఈ మూడూ మారిపోతాయి. ఆకు మీది మచ్చ తరచూ ఆ మార్పుకు ఫలితమే.

మొదటి అనుమానితుడు నీరు. పుదుచ్చేరి పట్టణ నీటి సరఫరా దాదాపు పూర్తిగా భూగర్భజలం మీదే ఆధారపడింది. తీరానికి దగ్గరి బోర్లలో ఉప్పదనం పాత సమస్యే. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు అనుమతిస్తాయి. వాన నీటికి అలవాటు పడిన ఆర్కిడ్ వేళ్లకు ఆ 500 కూడా ఎక్కువే. అంటే మనిషి తాగగలిగిన నీరు మొక్కకు సరిపడకపోవచ్చు. దీనికి తోడు మరో అలవాటు. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని వృథా చేయడమెందుకని కుండీల్లో పోస్తుంటారు. ఉద్దేశం మంచిదే కానీ, యంత్రం వడకట్టిన ఉప్పంతా ఆ నీటిలోనే ఉంటుంది. సరిగా కడగని కొబ్బరి పీచులోనూ ఉప్పు ఉంటుంది.

ఉప్పు వల్ల కలిగిన నష్టాన్ని గుర్తించడం తేలికే. ఆకు కొన నుంచి వెనక్కి గోధుమ రంగులో ఎండుతూ వస్తుంది. కుండీ అంచున, వేళ్ల మీద తెల్లటి పొర కడుతుంది. వాన నీరో, ఆర్‌ఓ శుద్ధి చేసిన నీరో ధారాళంగా పోసి కుండీని అప్పుడప్పుడు కడగాలి, ఎరువు తగ్గించాలి. ఏ పురుగుమందూ దీనికి పనిచేయదు.

రెండో అనుమానితుడు ఎండ. రోహిణీ కార్తె రోజుల్లో పడమటి బాల్కనీలో ఉన్న ఫెలనాప్సిస్ ఆకు ఒకే మధ్యాహ్నంలో కాలిపోగలదు. ఎండ తగిలే వైపు తెల్లబారి, ఆపై కాగితంలా ఎండే ఈ మచ్చ అక్కడితో ఆగిపోతుంది. పెరగని మచ్చకు మందు అక్కర్లేదు, కుండీని నీడలోకి జరిపితే చాలు.

పెరిగే మచ్చ సంగతి వేరు. ఇక్కడ వానలు ఎక్కువగా కురిసేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి వద్ద తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి తడిలో బాక్టీరియా చెలరేగుతుంది. ఆకు నీరు నిండినట్టు మెత్తబడి, దుర్వాసన కొడుతూ రెండు మూడు రోజుల్లోనే కుళ్లిపోతుంది. కుళ్లిన మేర దాటి, ఆరోగ్యంగా ఉన్న భాగం దాకా కోసేసి, మొక్కను గాలి తగిలేచోట ఆరనివ్వాలి. గుంతపడి, వలయాలు వలయాలుగా విస్తరించే ముదురు మచ్చ శిలీంధ్రం పని. నీళ్లు ఉదయమే పోయడం, మొవ్వులో నీరు నిలవకుండా చూడడం ఈ రెండింటికీ ముందస్తు రక్షణ.

ఇక పురుగుల వంతు. ఆకు అడుగున వెండి రంగు మెరుపు కనిపిస్తే తెల్లటి కాగితంతో తుడిచి చూడాలి. ఎర్రటి చారలు అంటుకుంటే అవి నల్లులు. జిగురు, దాని కోసం వచ్చే చీమలు కనిపిస్తే పిండినల్లి, పొలుసు పురుగులను వెతకాలి. తక్కువగా ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూది చాలు. అంచులు చిరిగినట్టు రంధ్రాలుంటే రాత్రి టార్చి వేసి నత్తలను పట్టుకోవచ్చు.

వీటన్నిటి కన్నా భయపడాల్సినవి సింబీడియం మొజాయిక్, ఒడాంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వైరస్‌లు. పసుపు చారలు, గుంతపడిన నల్ల గీతలు వీటి గుర్తులు కావచ్చు, కచ్చితంగా తేల్చేది మాత్రం పరీక్షే. వీటికి చికిత్స లేదు. ఒక మొక్కను కోసిన కత్తెరతోనే మరో మొక్కకు చేరతాయి. బ్లేడును ప్రతిసారీ మంటలో కాల్చడం ఖర్చులేని జాగ్రత్త.

ఎంతకీ అర్థంకాని మచ్చ గురించి కురుంబపేటలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు. సిక్కింలోని పాక్యోంగ్‌లో 1996 నుంచి ఆర్కిడ్ల కోసమే ఒక జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. వెళ్లే ముందు మచ్చ ఆకు మీద ఎక్కడ మొదలైంది, పెరుగుతోందా, తడిగా ఉందా అన్నవి వారం రోజులు గమనించి రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. మచ్చ మెత్తబడి కుళ్లు వాసన కొడితే మాత్రం వారం ఆగకూడదు. పాడైన ఆకు మళ్లీ పచ్చబడదు. కాబట్టి చికిత్స ఫలించిందో లేదో చెప్పేది ఆ తర్వాత వచ్చే కొత్త ఆకే.