బోనం బయల్దేరక ముందు

ఆషాఢం వచ్చిందంటే మా పత్రికకు ఫొటోలు రావడం మొదలవుతుంది. గోల్కొండ కోట మీద జగదాంబికకు తొలి బోనం ఎక్కిన నాటి నుంచి పాతబస్తీలో లాల్‌దర్వాజ ఊరేగింపు ముగిసేదాకా వస్తూనే ఉంటాయి. ఎక్కువ భాగం లష్కర్ అని పిలుచుకునే సికింద్రాబాద్‌వే. ఉజ్జయినీ మహంకాళి గుడి ముందు బారులు తీరిన బోనాలు, కొరడా ఝళిపిస్తున్న పోతరాజు, పచ్చికుండ మీద నిలబడి రంగం చెబుతున్న మాతంగి, జుట్టు విరబోసుకుని ఊగుతున్న శివసత్తులు. తీసినవాళ్లు వేరు, కెమెరాలు వేరు, ఏళ్లు వేరు. ఫొటో మాత్రం ఒకటే. వాటిలో చక్కనివి లేవని కాదు. ఎండావానల్లో గంటల తరబడి నిలబడి, తోపులాటలో కెమెరాను కాపాడుకుంటూ తీసినవాళ్ల కష్టం మాకు తెలుసు. అయినా చూసిందే చూస్తున్నామన్న వెలితి ఏటేటా పెరుగుతోంది. లష్కర్ బోనం గుడి మెట్ల దగ్గర మొదలుకాదు. ఆదివారం తెల్లవారకముందే ఏదో ఒక బస్తీలో, ఓ ఇంటి వంటగదిలో మొదలవుతుంది. ఆ వంటగది మాకు వచ్చే ఫొటోల్లో దాదాపు కనిపించదు.

అక్కడ చూడాల్సింది చాలా ఉంది. ముందురోజే తెచ్చి కడిగి బోర్లించిన కొత్త కుండను తిప్పి నిలబెడతారు. తడిపిన పసుపును నాలుగు వేళ్లతో తీసి కుండ పొట్ట చుట్టూ రాస్తుంటే మట్టి ఆ తడిని పీల్చేసుకుని, పైన వేళ్ల చారలు మిగులుతాయి. అవి ఆరకముందే కుంకుమ బొట్లు. తర్వాత మెడకు వేపమండలు కట్టాలి. దారం కొసను పళ్లతో పట్టుకుని ముడి వేసేది తల్లయితే, మండలు జారకుండా రెండు చేతులా పట్టుకునేది కూతురు. పొయ్యి మీద పాలు, బెల్లం, బియ్యం ఉడుకుతుంటాయి. అమ్మవారికి పెట్టకముందు ఎవరూ నోట్లో వేసుకోరు కాబట్టి తీపి సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పాల్సిందే. గరిటె ఎత్తి పట్టుకుని ఆ ఇల్లాలు కళ్లు చిట్లించి ఆలోచించే ఆ క్షణం కోసం ఓ ఫొటోగ్రాఫర్ పొద్దంతా కాచుకుని కూర్చున్నా నష్టం లేదు. అన్నం కుండలోకి ఎక్కాక పైన గురిగి, దానిమీద ప్రమిద, నూనె, ఒత్తి. తల మీద చుట్టబట్ట పెట్టి బోనం ఎత్తేటప్పుడు ఇంకో మనిషి సాయం కావాలి. గడప దాటగానే పక్కింటివాళ్లు చెంబులతో ఎదురొచ్చి కాళ్లకు నీళ్లు పోస్తారు. అక్కడి నుంచి గల్లీ, గల్లీ నుంచి డప్పులు, డప్పుల వెంట గుడి.

ఈ పండుగ మూలాన్ని తలుచుకున్నా ఇంటి మనుషులే ముందుకొస్తారు. లష్కర్‌లో బోనాల కథ ఏ రాజు దగ్గరా మొదలుకాలేదు. కంటోన్మెంట్ పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ మీద వెళ్లినప్పుడు ఇక్కడ కలరా ప్రబలింది. మా ఊరివాళ్లు బతికి బట్టకడితే నీ గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో కట్టె విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని గుడి చరిత్ర చెబుతుంది. తనవాళ్ల ప్రాణాల కోసం ఒక కూలి మనిషి పడ్డ భయం నుంచి ఇంత పెద్ద జాతర పుట్టింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించాక వేదికలు పెరిగాయి, లైట్లు పెరిగాయి, టీవీల ప్రత్యక్ష ప్రసారాలు పెరిగాయి. కెమెరాలన్నీ ఆ వెలుతురు వైపే తిరిగాయి.

ఇక పూనకం సంగతి. దీని మీద ఈ పత్రికకు గట్టి అభిప్రాయం ఉంది. సోమవారం నాటి రంగం వేరు. అది అందరూ వినాలని చెప్పే మాట, నలుగురి ముందు జరిగే క్రతువు. దాన్ని ఫొటో తీయడంలో తప్పేమీ లేదు. కానీ బోనం ఎత్తుకుని వరుసలో వస్తూ వస్తూ డప్పు దరువుకు ఒళ్లు తెలియని స్థితిలోకి వెళ్లిన ఓ మామూలు ఇల్లాలు కెమెరా కోసం రాలేదు. ఆమెకు అమ్మవారు పూనగానే పక్కనున్న ఆడవాళ్లు చేసే మొదటి పని కొంగు సరిచేయడం. ఒకరు నడుము పట్టుకుంటారు, ఒకరు బోనం పడిపోకుండా అందుకుంటారు, ఇంకొకరు జుట్టు ముడి వేయడానికి చూస్తారు. అప్పుడే నాలుగైదు లెన్సులు ఆమె ముఖం మీదికి జరుగుతాయి. ఆ స్థితిలో ఉన్న మనిషిని అనుమతి అడగలేం, ఆమె వద్దనీ అనలేదు. సోమవారం దాటితే ఆమె మళ్లీ పనిలోకి వెళ్లాలి. ఆఫీసులోనో, దుకాణంలోనో, పని చేసే ఇంట్లోనో ఎవరి ఫోన్‌లోనో తన ముఖం తనకే ఎదురైతే ఆ మనిషికి ఎలా ఉంటుందో తీసినవాళ్లు ఆలోచించాలి. పట్టుకున్న చేతులను తీయండి. కొంగు సర్దుతున్న అక్కను తీయండి. భక్తి ఎంత నిండుగా ఉందో వాటిలోనూ కనిపిస్తుంది.

ఫొటో కోసం ఆడవాళ్ల మర్యాద గురించి ఇంతగా ఆలోచించడం ఈ జంటనగరాలకు కొత్తేమీ కాదు. లాలా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు రాజా బిరుదిచ్చి ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ను చేసుకున్నాడు. ఆయన పేరు చెబితే మనకు గుర్తొచ్చేవి దర్బార్లు, ప్యాలెస్‌లు, వేటలు. అదే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహణ. లోపల పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. అది డబ్బున్న కుటుంబాలకే అందిన సదుపాయం, నిజమే. కానీ తన ఫొటో ఎవరు తీయాలో, ఎక్కడ తీయాలో చెప్పే హక్కు బేగం సాహెబాకు ఉన్నప్పుడు మెట్టుగూడ బస్తీ ఇల్లాలికి ఎందుకు ఉండకూడదు?

వంటగదిలోకి వెళ్లాలంటే అడగక తప్పదు. ‘అక్కా, బోనం చేసేటప్పుడు ఫొటోలు తీసుకుంటనే’ అని ముందురోజే అడిగితే కాదనేవాళ్లు తక్కువ. చెప్పులు బయట విడిచి, స్నానం చేసి వచ్చానని చెప్పి, మడిగా ఉంచిన సామాన్లకు దూరంగా ఓ మూల కూర్చోవాలి. తొలి అరగంట కెమెరా తీయకపోవడమే మంచిది. ఆ ఇంటి ఆడపిల్లకే ఫోన్ ఇచ్చి తీయమంటే ఇంకా మంచిది. వాళ్ల అమ్మ కెమెరా వైపు చూసి బిగుసుకుపోదు.

పసుపు విషయంలో ఫోన్ల వల్ల ఓ చిక్కు ఉంది. గదిలో పసుపు రంగు ఎక్కువైతే ఫోన్ దాన్ని వెలుతురు దోషమనుకుని తనంతట తాను సవరించేస్తుంది. పసుపు రాసిన కుండ పాలిపోతుంది, ప్రమిద వెలుగు ట్యూబ్‌లైటు వెలుగవుతుంది. ఆ సవరణను ఆపేసుకోవడం నేర్చుకోవాలి. ఫ్లాష్ వేస్తే దీపం ఉన్నట్టే తెలియదు. ముఖానికి నునుపు పూసే ఫిల్టర్లు పొయ్యి దగ్గర పట్టిన చెమటను తుడిచేస్తాయి. జూలై మబ్బు పట్టిన పొద్దున వాకిట్లోంచి లోపలికి పడే మెత్తటి వెలుతురుకు సాటి వచ్చే లైటు లేదు. బోనం కుండను ఆ గడప దగ్గరికి తెచ్చేదాకా ఓపిక పట్టండి.

2020 జూలైలో కరోనా వల్ల లష్కర్ బోనాలు భక్తులు లేకుండానే జరిగాయి. ఎవరింట్లో వాళ్లే బోనం చేసి అమ్మవారికి చూపించుకోవాల్సి వచ్చింది. గుడి ముందు నిలబడే వీల్లేక జనం తమ ఇంటినే ఫొటో తీసుకున్న ఏడాది అది. దేవుడి అర ముందు బోనం, ముందు గదిలో పసుపు కాళ్లతో తిరుగుతున్న పిల్లలు, పక్కన మాస్కు కట్టుకున్న నానమ్మ. ఆ ఫొటోలు చాలావరకు పాత ఫోన్లతో పాటే పోయి ఉంటాయి. మిగిలినవి ఎవరి దగ్గరున్నా దయచేసి కాపాడండి. ఆ ఏడాది సికింద్రాబాద్ ఎలా బతికిందో చెప్పే సాక్ష్యాలవి.

ఇళ్లలో మార్పు కూడా చెప్పకుండా వచ్చేస్తోంది. మట్టికుండ స్థానంలో ఇత్తడి, రాగి, స్టీలు బిందెలు వచ్చాయి. బస్తీ ఇల్లు అపార్ట్‌మెంట్ అయ్యాక బోనం లిఫ్టులో దిగుతోంది, ఆటోలో గుడికి చేరుతోంది. దీన్ని చూసి బాధపడేవాళ్లున్నారు. మేం మాత్రం బాధపడటం లేదు. లిఫ్టులో పట్టక వేపమండలు వంచి నిలబడ్డ మనిషి కూడా మొక్కు తీర్చుకోవడానికే వెళ్తోంది. ఆ ఫొటో మాకు కావాలి. వరంగల్‌లో పుట్టిన భరత్ భూషణ్ బతుకమ్మను, పల్లె ఇళ్లను, అక్కడి ఆడవాళ్లను ఏళ్ల తరబడి అంత శ్రద్ధగా తీశారు కాబట్టే ఒకప్పటి తెలంగాణ ఇల్లు ఈనాటికీ మన కళ్లముందు ఉంది. 2022లో ఆయన వెళ్లిపోయారు. లష్కర్ ఇళ్లకు అలాంటి మనిషి ఇంకా దొరకలేదు.

వచ్చే ఏడాది నుంచి బోనాల సంచికకు ఇళ్లలో, గల్లీల్లో తీసిన ఫొటోలే తీసుకుంటాం. పూనకంలో ఉన్నవారి ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో వేయాలంటే తర్వాత ఆ మనిషే స్వయంగా ఒప్పుకుని ఉండాలి. లేదంటే ఎంత గొప్ప ఫొటో అయినా తిప్పి పంపుతాం. ప్రతి ఫొటోతో బస్తీ పేరు, సంవత్సరం, తీసినవారి పేరు, ఇంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లూ రాసి పంపండి. కుండ ఎక్కడ కొన్నారో కూడా రాయండి. అచ్చయిన ప్రతి ఫొటోకూ రెండు ప్రింట్లు మేమే తీయించి ఇస్తాం. ఒకటి మీకు, ఒకటి మీరు ఫొటో తీసిన ఇంటికి. రెండోది పోస్టులో వేయకుండా మీరే వెళ్లి చేతికివ్వాలి.