రాళ్ల మీద గాలం వేస్తున్నారా? ‘వేటకు వెళ్లరాదు’ అనే హెచ్చరిక మీక్కూడా

‘మత్స్యకారులు సముద్రంలోకి వేటకు వెళ్లరాదు’ అని టీవీలో స్క్రోలింగ్ వస్తే మీరు చదివి వదిలేస్తారు. మీకు పడవ లేదు, వల లేదు. సెలవు రోజు తెల్లవారుజామున ఫిషింగ్ రాడ్, ఎర సర్దుకుని విశాఖలో తెన్నేటి పార్కు కిందికో, జోడుగుళ్లపాలెం వైపో, యారాడకో వెళ్లి రాళ్ల మీద నిలబడతారు, అంతే. ఆ హెచ్చరికతో మీకు పనేముందని అనిపించడం సహజం. కానీ పడవలను ఆపించే కెరటమే మీరు నిలబడిన రాయినీ తాకుతుంది. ఆ సమాచారం ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా చదవాలి, సాయం కావాలంటే ఎవరిని పిలవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

చలికాలంలోనే ఎందుకు జాగ్రత్త?

నైరుతి రుతుపవనాల కాలంలో విశాఖ తీరం కల్లోలంగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సముద్రం చాలా రోజులు నెమ్మదిస్తుంది, ఎండ బాధ కూడా తక్కువ. రాళ్ల మీద గంటల తరబడి నిలబడటానికి వీలైన రోజులివి.

అయితే బంగాళాఖాతంలో తుపాన్ల ప్రధాన సీజన్ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉంటుంది. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో బంగ్లాదేశ్ సరుకు నౌక ‘ఎంవీ మా’ లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

అలాంటి రోజుల్లో ఎవరూ గాలం వేయరు. అసలు చిక్కు ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుతోనే. తుపాను తమిళనాడు వైపు వెళ్తున్నా, అది పుట్టించిన కెరటాలు వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ గాలి లేని పూట కూడా రాళ్లను కొట్టగలవు. ఇలా దూరం నుంచి వచ్చే కెరటాలనే స్వెల్ అంటారు. ఇంటి దగ్గర ఆకాశం చూసి వీటిని పసిగట్టలేరు.

ఏ అంకెలు చూడాలి?

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ దేశ తీరమంతటికీ సముద్ర పరిస్థితి అంచనాలు, ఎత్తైన అలల హెచ్చరికలు, స్వెల్ హెచ్చరికలు ఇస్తుంది. ఇవి దాని వెబ్‌సైట్‌లోనూ, ‘సముద్ర’ యాప్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. తుపాను సమాచారం వాతావరణ శాఖకు విశాఖలో ఉన్న తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి వస్తుంది. మీకు ముఖ్యంగా కావలసినవి మూడు.

మొదటిది, అలల ఎత్తు. అంచనాలో 1.5 మీటర్లు అని ఉంటే అదే గరిష్ఠం అనుకోకండి. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. మధ్యలో ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు, అంటే 3 మీటర్ల వరకు లేవవచ్చు. అరగంట బాగానే ఉండి ఒక్కసారిగా వచ్చే ‘ఊహించని కెరటం’ నిజానికి ఆ లెక్కలో ఉన్నదే.

రెండోది, పీరియడ్. ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య ఉండే సెకన్లు ఇవి. ఎత్తు ఒకటే అయినా 7 సెకన్ల అల కంటే 14 సెకన్ల అల ఎక్కువ బలంతో వస్తుంది, రాయి మీద ఇంకా పైకి ఎక్కుతుంది. ఈ అంకె పెరిగిందంటే దూరపు స్వెల్ వస్తోందని అర్థం.

మూడోది, పోటు సమయం. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. సమయం రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖలో పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. పాటులో మీరు నడిచి వెళ్లిన రాళ్ల దారి, పోటు వచ్చేసరికి నీటి కింద ఉండవచ్చు.

వీటితో పాటు ఓడరేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరూ చూడండి. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో తుపాను పుట్టే పరిస్థితి ఉందని. రేవుకు అది దూరపు కబురే. రాయి మీద నిలబడేవారు మాత్రం ఆ రోజు గాలం మానుకోవడం మేలు.

హెచ్చరిక మీ దాకా ఎందుకు రాదు?

మన వ్యవస్థ పడవల చుట్టూ తయారైంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం యంత్రాలతో నడిచే పడవలకు. హెచ్చరికలు వెళ్లేది ఫిషింగ్ హార్బర్లకు, మత్స్యకార గ్రామాలకు. లైఫ్‌గార్డులు ఉండేది సాధారణంగా జనం నీటిలో దిగే ఇసుక బీచ్‌లలో. సరదాగా రాడ్ పట్టుకుని రాళ్లెక్కే నగరవాసి ఈ మూడింటిలో దేనికిందికీ రాడు.

దీన్ని సరిచేయడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. అంచనాలు ఇప్పటికే ఉన్నాయి. జనం ఎక్కువగా చేరే రాళ్ల దగ్గర ఆనాటి అలల ఎత్తు, పోటు సమయం రాసే బోర్డు, ఒక తాడు కట్టిన ట్యూబు ఉంటే చాలావరకు సరిపోతుంది. ‘వేటకు వెళ్లరాదు’ పక్కన ‘రాళ్ల మీదికీ వెళ్లరాదు’ అనే మాట చేర్చడానికి ఖర్చేమీ లేదు.

అక్కడికి వెళ్లాక

దిగే ముందు 15, 20 నిమిషాలు కదలకుండా చూడండి. రాయి ఎంతవరకు తడిసి ఉందో, కెరటం అంతవరకు వస్తోందని గుర్తు. ఆకుపచ్చ నాచు ఉన్నచోట అడుగు వేయకండి. సముద్రానికి వీపు పెట్టి ఎర గుచ్చకండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఒంటరిగా వెళ్లకండి. చేప గాలానికి తగిలిందని నీటి అంచుకు దిగడం అన్నిటికంటే ప్రమాదం.

ఎవరైనా పడిపోతే వెంటనే దూకొద్దు. తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఐస్ బాక్సు, తేలేది ఏదున్నా విసరండి. పడినవారు అదే రాయి ఎక్కడానికి పెనుగులాడితే తర్వాతి కెరటం రాయికేసి కొడుతుంది. అల విరిగే చోటు నుంచి కాస్త లోపలికి జరిగి, వెల్లకిలా తేలుతూ సాయం కోసం ఎదురుచూడటం మంచిది.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి: అత్యవసర సేవలు 112, కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసులు 1093. రాళ్ల మధ్య చిరునామా చెప్పడం కష్టం కాబట్టి, అక్కడికి చేరగానే మీ లొకేషన్‌ను ఇంట్లో ఒకరికి పంపి, తిరిగొచ్చే సమయం కూడా చెప్పండి.